చల్లారాక మళ్ళీ బిగించాలి

మూడు రాత్రులు నూనెలో నానాయి
ఎనిమిది నట్లూ.
నాలుగో పొద్దున (పొద్దంటే ఏముంది,
షెల్లెఫ్టియోలో ఫిబ్రవరి పొద్దంటే
కిటికీకి పల్చగా పూసిన గ్రీజు)
ఏడు లొంగాయి.
ఎనిమిదోది పుటుక్కుమంది.
తల నా పానాలో,
మొండెం ఇంజిన్‌లో.

గున్‌వోర్ తిట్టలేదు.
కాఫీ కప్పు వోల్వో రెక్క మీద పెట్టి
"అరవై ఏళ్ళుగా అక్కడే ఉంది,
నువ్వు రమ్మనగానే రావాలా?" అంది.

మొండేనికి కొత్త నట్టు తొడిగి
నడుమ బొట్టుబొట్టుగా లోహం కరిగించి పోసింది.
ఎర్రదనం తగ్గకముందే పానా వేసి
ముందుకి ఇంత, వెనక్కి ఇంత,
పాలపన్ను కదిపినట్టు కదిపి కదిపి
తీసి నా అరచేతిలో పెట్టబోయి
కాలుతుందని గుర్తొచ్చి నేల మీద వేసింది.
డెబ్బై రెండేళ్ళ మణికట్టు.
రాగి కరిగించే కార్ఖానాలో
రాత్రి షిఫ్టులు చేసిన మణికట్టు.

పాత మేనిఫోల్డ్ ఊడి వచ్చింది,
నిండు బిందెంత బరువు, పోత ఇనుము.
మసి తుడిస్తే
రెండో గొట్టం మెడ దగ్గర
వేలెడు పొడుగు ఇత్తడి అతుకు,
చేప పొలుసుల్లా ఒకదాని మీదొకటి.
గున్‌వోర్ నుదుటి మీది కళ్ళద్దాలు కిందికి దించింది.
బొటనవేలితో ఆ పొలుసులు లెక్కపెట్టింది.
"నాదే."

తర్వాత కాసేపు గదిలో హీటరొక్కటే మాట్లాడింది.

ఎనభై ఒకటి, జనవరి.
సున్నాకి ముప్పై రెండు డిగ్రీలు కింద.
ఉత్తరాలు పంచే ఆల్గోట్
పగిలిన మేనిఫోల్డ్‌ని చంకలో పెట్టుకుని
కార్ఖానా గేటు ముందు నిలబడ్డాడట.
ఫోర్‌మన్ కాఫీకి వెళ్ళినప్పుడు అతికి ఇచ్చిందట.
"ఒక్క చలికాలం ఆగుతుంది, అంతే.
మంచు కరగ్గానే కొత్తది వేయించు అన్నా.
ఎవరి మాటా వినేవాడు కాదు."

కొత్త హెడర్ పెట్టెలోంచి తీశాను.
నాలుగు సన్నటి గొట్టాలు రెండై, రెండు ఒకటై
మెలికలు తిరిగి మెరుస్తున్నాయి.
నా నెలన్నర జీతం.
ఏ మార్పూ లేకుండా సరిపోతుందని పెట్టె మీద రాసుంది.
మూడో గొట్టం స్టీరింగ్ కడ్డీని ఒరుసుకుంది.

"ఎంతపెట్టి కొన్నావు?"
చెప్పాను.
గుండ్రటి తల సుత్తి అందుకుంది.
మంటతో గొట్టాన్ని ఎర్రబరిచి
ఒకే ఒక్క దెబ్బ.
సొట్ట పడింది, సందు దొరికింది.
నేను ఆ పక్కకి చూడలేదు.

గాస్కెట్ పెట్టి, నట్లన్నీ వేళ్ళతోనే తిప్పి,
నడిమి నుంచి అంచులకి
పంక్తిలో వడ్డించినట్టు
ఒక్కొక్కదానికీ కొంచెం, మళ్ళీ కొంచెం.

తాళం తిప్పాక
గొట్టాలకి అంటిన నూనె భగ్గున పొగైంది.
ఇద్దరం దగ్గుతూ మంచులోకి పరిగెత్తాం.
లోపల బండి
గొంతు మారుతున్న కుర్రాడిలా
ఒకసారి బొంగురుగా, ఒకసారి కీచుగా.
మధ్యమధ్య కార్బ్యురేటర్ తుమ్ముతోంది,
గాలి ఎక్కువై పెట్రోలు చాలక.
తలుపు సందులోంచి చూస్తే
గొట్టాల మీద గడ్డిపసుపు, దాని వెనక ఊదా,
దాని వెనక ఇంకా పేరు పెట్టని నీలం.

"బలం పెరిగిందంటావా?"
"చప్పుడు పెరిగింది."

ఆపేశాను. లోహం టిక్కుటిక్కుమంటూ ముడుచుకుంటోంది.
"చల్లారాక మళ్ళీ బిగించు.
వంద కిలోమీటర్లు తిరిగొచ్చి ఇంకోసారి.
వేడెక్కింది ఏదైనా వదులవుతుంది."

పాత ఇనుము డబ్బా మూత తెరిచి చూస్తే
మేనిఫోల్డ్ అందులో లేదు, బల్ల మీదా లేదు.
బయట గున్‌వోర్
కాలితో తోసుకునే మంచుబండి మీద
దాన్ని గోనెపట్టాలో చుట్టి, తాడుతో కట్టి,
ఇంటి దారి పట్టింది.

వీధిదీపం కింద రెండు జతల గీతలు.
వచ్చినప్పటివి పైపైన.
వెళ్ళినవి
కాస్త లోతుగా.