వెనక నుంచి ముందుకి

ఏలూరు రోడ్డులో మందుల షాపు పైన, రెండో అంతస్తులో
పదకొండేళ్లుగా నేను
జనాన్ని బాగుచేసే పుస్తకాలు టైపు చేస్తున్నాను.

'తెల్లవారుజామున నాలుగున్నరకే లేవండి.'
ఈ వాక్యం ఇప్పటికి ఏ అరవై పుస్తకాల్లోనో కొట్టుంటాను.
నాలుగున్నరకి మా సింగ్‌నగర్‌లో కుళాయి వస్తుంది.
లేవకపోతే విజయం సంగతి తర్వాత,
బిందె నిండదు.

'రోజూ పది పేజీలు చదవండి.'
నేను నలభై కొడతాను.
చదివానా అంటే చెప్పలేను.
బ్యారేజీ గేట్లెత్తాక నీళ్లు ఆగుతాయా?
వేళ్లలోంచి పోయేది కంటి దగ్గర ఆగదు.

'ఫోను పక్కగదిలో పెట్టి పడుకోండి.'
మా పక్కగదిలో వేరే వాళ్లు అద్దెకుంటున్నారు.

ఒకాయన కోపాన్ని గెలవడం గురించి
నూట ఎనభై పేజీలు రాసుకొచ్చాడు.
అట్ట మీద తన ఫోటో చిన్నదైందని
పేపర్‌వెయిట్ తీసి విసిరాడు.
బీరువాకి ఆ సొట్ట ఇంకా ఉంది.
పుస్తకంలో ఏముందో మర్చిపోయాను.

కొరియర్ కుర్రాడు గఫార్ అడిగాడోసారి:
'ఇన్ని కొట్టావు గదక్కా, ఏది చదవమంటావు?'
'తప్పొప్పుల పట్టిక' అన్నాను.
నవ్వి వెళ్లిపోయాడు.
నేను నిజంగానే చెప్పాను.
చివరి అట్ట ముందు అంటించే ఆ చిన్న కాగితం ఒక్కటే
రాసినవాడు 'ఇక్కడ పొరబడ్డాను' అనే చోటు.

ఆ పట్టిక తయారుచేసేది ఇమ్మానుయేలు గారు.
గుంటూరు నుంచి పాసింజర్లో వచ్చేవారు,
రెండు గిన్నెల క్యారేజీ, జేబులో ఎర్రపెన్ను,
దారం కట్టిన కళ్లజోడు.
ఆఖరి ప్రూఫు ఆయన వెనక నుంచి చదివేవారు,
చివరి మాటతో మొదలుపెట్టి.
'లేవండి. నాలుగున్నరకే. తెల్లవారుజామున.'
గొణుక్కుంటుంటే ఎవర్నో తిడుతున్నట్టుండేది.

'ముందు నుంచి చదివితే అర్థం అడ్డొస్తుందమ్మా ఝాన్సీ.
కన్ను తనకి తెలిసిందే చదువుకుంటా పోద్ది.
వెనక నుంచి రా,
ఒక్కో మాటా ఒంటరిగా దొరుకుద్ది.'

ఓసారి నా వైపు కాగితం తోసి
'తొంభై రెండో పేజీలో జీవితానికి దీర్ఘం లేదు, చూసుకో' అన్నారు.
ఆఫీసంతా నవ్వాం.
ఆయన నవ్వలేదు, దీర్ఘం పెట్టి పేజీ తిప్పారు.

పోయిన ఏడాది రావడం మానేశారు. కళ్లు.
ఎర్రపెన్ను నా సొరుగులోనే ఉంది, సిరా గడ్డకట్టింది.

ఆ మధ్య ఓ రాత్రి నిద్రపట్టక
రోజుని అట్లా చదివి చూశాను.

లైటు ఆపాను.
దానికి ముందు దోమల బ్యాటు.
దానికి ముందు గిన్నెలు, రేపటి పప్పు నానబెట్టడం.
దానికి ముందు
మా లోహిత్ గడప దగ్గర నిలబడి ఏదో చెప్పబోయాడు.
'తర్వాత' అన్నాను.

ముందు నుంచి చదివితే అది తప్పులా లేదు.
బస్సు లేటు, తలనొప్పి, ఆయన ఇంకా గొల్లపూడి నుంచి రాలేదు,
అన్నిటికీ అర్థం ఉంది, కన్ను జారిపోతుంది.
వెనక నుంచి వస్తే
ఆ మాట ఒక్కటే గడపలో నిలబడి ఉంది.
తర్వాత.
తర్వాత గిన్నెలే ఉన్నాయి.

ఇంకా వెనక్కి పోయాను.
బీసెంట్ రోడ్డులో మూర పూలకి ఐదు రూపాయలు తగ్గించాను,
గెలిచినట్టు నడిచాను.
కొత్తగా చేరిన పిల్ల 'ష'ని 'స' అంటే
అందరితో పాటు నేనూ నవ్వాను.
పొద్దున కుళాయి దగ్గర ఎవరిదో బిందె
నా కాలితో, ఎవరూ చూడకుండా, కొంచెం పక్కకి.

రోజూ చేస్తానని చెప్పను.
కొన్ని రాత్రులు గిన్నెల దగ్గరే నిద్రొచ్చేస్తుంది.
చదివినా దిద్దేదేముంది, అచ్చయిపోయాక?
ఆ చిన్న కాగితం అంటించగలిగితే అదే ఎక్కువ.

నాలుగున్నర.
పదో తరగతి, వాడూ లేచాడు.
కుళాయి దగ్గర నోట్లో బ్రష్షు.
'రాత్రి ఏదో చెప్పబోయావు?'

నురగ నోటితోనే ఏదో అన్నాడు, అర్థం కాలేదు.
వెనకాల వరసలో ఎవరో కేకేస్తున్నారు.
'మళ్లీ చెప్పు' అన్నాను.
బిందె నిండి పొర్లుతోంది.