కింది అర

స్టాక్ రూములో కింది అర ఎందుకు ఖాళీగా ఉంది సార్
అని అడిగింది కొత్తగా చేరిన ట్రైనీ పిల్ల,
పైన పుస్తకాలు టౌన్ బస్సులో జనంలా
ఒకదాన్నొకటి తోసుకుంటుంటే
ఆ అడుగున్నర జాగా ఎవరి కోసమని.

హేమావతి మేడమ్ జూన్ ఎండల్లో
ఒక కాగితం టైపు చేసి తలుపు వెనక అంటించింది.
మొదట మెయిన్ స్విచ్. తర్వాత మనుషులు.
ఆ తర్వాతే పుస్తకాలు.
పుస్తకాల్లో ముందు, మరో కాపీ ఎక్కడా లేనివి.
అడుగున ఆరు ఫోన్ నంబర్లు.
ఆరోది చిత్తూరు దారిలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ.
‘లైబ్రరీకి గుజ్జుతో ఏం పనమ్మా’ అని
అటెండరు రెడ్డెప్ప నెలంతా అడిగాడు.
నెలంతా నవ్వాం.
మాక్ డ్రిల్లు నాడు ఇసుక బకెట్ బోర్లిస్తే
ఇసుక కంటే బీడీ ముక్కలే ఎక్కువ.

నవంబరులో వాన కొండ దిగొచ్చింది.
తిరుపతి వీధులకు ఏటి పేర్లు పెట్టాల్సిన రాత్రి,
రెండు గంటలకు వాచ్‌మన్ ఏకాంబరం ఫోను:
‘సార్, నీళ్ళు మన మెట్లు దిగతా ఉండాయి.’

మేం చేరేసరికి మోకాలి లోతు.
కింది అర పుస్తకాలు ఉబ్బి ఇనుప ర్యాకును పట్టుకున్నాయి,
లాగితే రావు.
‘తెరవద్దు! ఎట్లున్నవి అట్లే పెట్టండి!’
టార్చి వెలుగులో మేడమ్ గొంతు.
మదనపల్లె టమోటా క్రేట్లు,
మెట్ల మీద వరుసగా హాస్టలు పిల్లలు,
పరీక్షల ముందు కూడా
ఇంతమంది లైబ్రరీకి రాలేదు.

రెండు రోజులు దాటితే బూజు.
ఆరో నంబరు మోగింది.
‘సీజన్ అయిపోయింది, ఒక గది ఖాళీనే, తీసుకురండి’
అన్నాడు మేనేజరు, ఇంకేమీ అడగకుండా.
లారీ డ్రైవరుకి చలానాలో ఏం రాయాలో తెలీక
‘గుజ్జు, 212 పెట్టెలు’ అని రాశాడు.
నవ్వబోయి ఆగిపోయాం.

గడ్డకట్టిన పుస్తకాలు నెలల తరబడి
ఒక్కొక్కటే ఇంటికొచ్చాయి,
వంకర వెన్నులతో, తోతాపురి వాసనతో.
రాని ఒక్కదాన్ని గురించి మాత్రం
ఆ పిల్లకు చెప్పలేదు.
ఎవరో వంకల వెంట, చెరువుల వెంట తిరిగి
ఊరూరా నీళ్ళకున్న పేర్లు రాసుకున్న నోటుపుస్తకం.
ఇంకు పెన్నుతో. మరో కాపీ లేదు.
పోటీ పరీక్షల గైడ్లకు చోటు కావాలని
ముందు వారమే దాన్ని కిందికి దించింది నేనే.
ఎత్తితే నా చేతులు నీలం.
‘దొరువు’ ఒక్కటి చదవగలిగాను.

‘నీళ్ళ కోసమమ్మా’ అన్నాను.
‘ఈసారి వస్తే కూర్చోడానికి.’
నవ్వింది.
మేమూ అట్లే నవ్వాం.

తలుపు వెనక కాగితం చూపించి
ఆరో నంబరు ఇంకా పనిచేస్తుందో లేదో
ఒకసారి ఫోన్ చేసి చూడమన్నాను.