బోలెడు

మిర్చి యార్డులో నా పని అంకెలు రాయడం.
టిక్కీకి ఇన్ని కిలోలని, తేమకింత కోతని,
తాలు విడిగా, హమాలీ విడిగా.
"చాలా" అనే మాటకి నా చిట్టాలో గడి లేదు.

మొన్న మిట్టమధ్యాహ్నం
కోల్డ్ స్టోరేజీ గోడ నీడలో
ముచ్చికలు తీస్తున్న మస్తానమ్మని అడిగాను,
ఎంతయిందమ్మా పొద్దుట్నించీ అని.
రెండుసార్లు తుమ్మి
ముంజేత్తో ముక్కు తుడుచుకుని
(వేళ్లని మొహం దాకా రానివ్వరు ఇక్కడెవరూ)
"బోలెడు" అంది.

రాత్రి అరండల్‌పేట గదిలో, ఫ్యాను కింద
అట్ట ఊడిన నిఘంటువు తిప్పాను.
బోలె: చిప్ప. కొబ్బరిది కావచ్చు, మట్టిది కావచ్చు.
ముష్టివాడి చేతిలోదీ అదే.
అది నిండితే బోలెడు.

అంతే.
చారెడు, దోసెడు, సోలెడు, తవ్వెడు,
తోబుట్టువులంతా బుద్ధిగా కొలతల్లోనే ఉండిపోయారు.
గంపెడాశ అన్నా గంప కనబడుతుంది,
పుట్టెడు దుఃఖంలోనూ ధాన్యం వాసన వదలదు.
ఇదొక్కటే
చిప్పని ఏ అరుగు మీదో మరిచిపోయి
లోకంలో పడింది.
బోలెడు చుక్కలంటాం. బోలెడు అప్పులంటాం.

పేజీలు వెనక్కి తిప్పితే అనేకం.
న ఏకం. ఒకటి కానిది.
ఒకటిని కాదంటే తప్ప
నోరు పెగలని మాట.
దాన్ని చేసినవాడు
భోంచేసి కూర్చున్నవాడై ఉంటాడు.

బోలెడు అట్లా కాదు.
గాదెలున్న ఇంట్లో పుట్టే మాట కాదిది.
ఏ ఊళ్లోనో, ఏ చివరి గుమ్మం ముందో
చిప్ప బరువు మణికట్టుకి తెలిసి
ఎవరో మొదటిసారి
ఇక చాలు తల్లీ అనబోయి
ఈ మాట అని ఉంటారు.
తెలిసి కాదు, అనిపించి చెబుతున్నా.

తెల్లారి మస్తానమ్మకి ఇదంతా చెప్పాను.
చేతిలో కాయ ఆపలేదు.
"మా అమ్మ నూకలు దాంతోనే కొలిచేది.
తలగొట్టి పోస్తే చిప్పెడు,
గోపురం లేస్తే బోలెడు.
ఇంత దానికి పుస్తకమెందుకయ్యా నీకు?"

సాయంత్రం ఆమె గోతాం కాటా ఎక్కింది.
అంకెలు కాసేపు ఊగి ఆగాయి.
పద్దెనిమిది కిలోల ఆరు వందలు.
రాశాను.
నా భుజం మీదుగా వంగి చూసి
"అంతేనా" అంది.