మూడు మూతల సైన్యం

రోడెల్ తెచ్చిన అట్టపెట్టెలో
నలభై మంది రాక్షసులు,
వేలి కణుపంత ఎత్తు, బూడిదరంగు ప్లాస్టిక్.
"శుక్రవారం యుద్ధం" అన్నాడు.

షార్జాలో మా షెడ్డుకొచ్చేవన్నీ తెల్లకార్లే.
డబ్బాల అడుగున మిగిలేది తెలుపు,
బంపర్ల నలుపు,
ఎవరిదో పికప్ కోసం కలిపాక
ఓనరు వద్దుపొమ్మన్న ఇటుక ఎరుపు.
మూడు సోడామూతలు, మూతకొక చుక్క.

ముందు అందర్నీ నలుపులో ముంచాను.
ఆరిన బ్రష్షుతో తెలుపు రాసీ రాయనట్టు రాస్తే
ఎముకలు తేలాయి,
గొలుసుచొక్కాల్లో ఒక్కో కడియమూ లేచింది.
ఎరుపులో తెలుపు పడితే చర్మం,
నలుపు పడితే తోలు, తుప్పు, పాత నెత్తురు.
ఒకడి జెండాకి నీలం కావాలనిపించింది. లేదు.
ఎరుపు పక్కన కాస్త బూడిద పూశాను,
అదే నీలమైంది.
నమ్మడానికి కన్ను ఎప్పుడూ సిద్ధమే.

పైబంకు మీంచి ఓబులేసు:
"ఓవర్‌టైం ఇడ్సిపెట్టి బొమ్మలకు సున్నం కొడ్తాండావా?"
కాసేపటికి తనే దిగి
ఫోను లైటు పట్టాడు.

కళ్ళు చివర్న.
టూత్‌పిక్కు కొసన తెలుపు, ఊపిరి బిగబట్టి.
ముప్పైతొమ్మిది మంది ఎదురుగా చూశారు.
నలభయ్యోవాడి దగ్గర ఏసీ దడదడమంది.
వాడి చూపు తలుపు వైపు జారింది.
దిద్దలేదు.

శుక్రవారం మొదటి పాచికకే పడ్డాడు వాడు.
తీసి పక్కన పెట్టారు.
ఆట అయ్యాక పెట్టెలో లెక్క ముప్పైతొమ్మిది.
ఓబులేసు చొక్కాజేబు
కొంచెం ఉబ్బుగా ఉంది.
రోడెల్ మళ్ళీ లెక్కపెట్టలేదు.