మూడో నకలు

సైఫాబాదు దఫ్తర్ల నేను నకల్ నవీసును.
ముంతజిర్ హుసేన్ సాబ్ చెప్తుంటే రాసేటోణ్ణి.
ఒక్కో కాగితానికి మూడు నకళ్లు:
ఒకటి పైకి, ఒకటి ఫైలుకు,
ఒకటి ఆయన షేర్వానీ లోపలి జేబుకు.
పైకి పోయిన కాగితం ఎన్నడూ కిందికి రాలే.

కౌన్సిలుల పదకొండు కుర్చీలు.
పది కుర్చీలు ఫతే గురించి మాట్లాడుతుంటే
పదకొండోది పెట్రోలు లెక్క అడుగుతుండె.
ఎన్ని గ్యాలన్లు? ఎన్ని లారీలు?
దవాఖాన్ల దూది ఎన్నాళ్లకు?
నల్లా నీళ్లల్ల కలిపే మందు ఎన్ని డబ్బాలు?
"సల్తనతును కిరాణా చిట్టీ జేసిండ్రు గద సాబ్"
అని ఎవరో అంటే నవ్వులు.
"కిరాణా లేని ఇంట్ల తల్వార్లు వండుకుంటమా" అన్నడట.
ఆనాటి సంది ఆయన ముంగట
చాయ సల్లారినంకనే పెట్టిండ్రు.

ఒక్కసారి, కాగితం నడుమ ఆగి,
మూసీ పొంగిన ఏడు గురించి చెప్పిండు.
"అబ్బాజాన్ మొదటి మెట్టు మీద చెయ్యి పెట్టి చూసిండు.
తడి తగిలింది. అందర్నీ లేపిండు.
పక్క హవేలీ వాళ్లు
రెండో మెట్టు దాక చూస్తమన్నరు."
ఆపైన చెప్పలే.
కలం తుడుసుకొమ్మన్నడు.

మేనల్లుడు ఖాకీ తొడిగిండు.
ఈద్ నాడు అలాయి బలాయి గూడ తీసుకోలే.
తెల్లారేసరికి కోఠీ గేటు మీద తారు: గద్దార్.
మాలి కడుగుతనంటే వద్దన్నడు.
"ఉండనీ. దస్తూరి బాగున్నది."
ఇటు ఖద్దరు వాళ్లూ నమ్మలే,
దర్బారు మనిషి, ఇంకా బగ్లూసు విప్పలేదాయె అని.
జిల్లాలల్ల కాలిన ఇండ్ల లెక్క తెప్పిచ్చుకొని
ఎవరికియ్యాల్నో తెల్వక
నాకే సదివి వినిపిచ్చిండు.
అండ్ల మా అక్క ఊరు ఉండె.
నేను తలెత్తలే. నకలు దీసిన.

నా సంగతి గూడ చెప్పాలె.
ఒక్కనాడన్నా "సాబ్, మీరనేది సచ్" అనలే.
నెలకు ముప్పై అయిదు హాలీ సిక్కాలు,
ఇంట్ల ఆరు కంచాలు.
చప్రాసీ సలాం బంద్ జేసిన్నాడు
నేను సలాం జేసిన గని,
అటూ ఇటూ చూసి జేసిన.

ఆఖరి కాగితం వానల్ల రాసినం.
"సరిహద్దు దాటి వస్తే మన ఫౌజు నిలిచేది..."
అని ఆగిండు.
పక్క గదిల రేడియో గెలుపు పాట పాడుతుండె.
ఏళ్ల మీద లెక్క పెట్టుకున్నడు. నాలుగు రోజులు.
నాలుగు అని రాసిన.
సిరా ఆరకముందే, "కాట్‌దో. సాత్ లిఖో."
కొట్టేసి ఏడు అని రాసిన.
ఎందుకని అడగలే. గుమాస్తాలు అడగరు.

సోమారం మబ్బుల కింద విమానాలొచ్చినయి.
శుక్రారం పొద్దూకి రేడియో గొంతు మారింది.

మల్లేపల్లి కోఠీకి ఉరికిన.
గేటు మీద తారు అట్లనే ఉన్నది,
దాని ముంగట కార్లు ఆగి ఉన్నయి.
"మీరన్నదే అయింది సాబ్" అని
ఒకరెనక ఒకరు, టోపీలు చేతుల పట్టుకొని.
"కావద్దనే గద అన్న"
అని లోపలికి పోయి తలుపు దగ్గరికేసుకున్నడు.

కొత్త సీళ్లు వచ్చినంక
పాత బీర్వాలు ఖాళీ చెయ్యమన్నరు.
ఫైలు నకలు దొరికింది.
కొట్టేసిన నాలుగు, పక్కన ఏడు, నా దస్తూరి.
సోమ, మంగళ, బుధ, బేస్త, శుక్ర.
కిరాణా చిట్టీల గింజ తప్పని మనిషి
తన షహర్‌కు మూడు దినాలు ఎక్కువ రాయిచ్చిండు.
రెండు దినాలు మిగిలే పోయినయి.

పైకి పోయిన నకలు దిద్దిన, యాదికున్నది.
ఫైలుది ఇగో, చేతులనే ఉన్నది.
షేర్వానీ జేబుల పెట్టుకున్న మూడోదాన్ని మాత్రం
దిద్దనియ్యలే.