మూడో పేరు

ఊరి మొదట్లో, రింగ్ రోడ్డు మలుపులో తెల్ల బోర్డు.
పైన ఊరి పేరు, దాని కింద కెథడ్రల్ నగరమన్న బిరుదు,
ఇంకా కింద, చిన్నక్షరాల్లో
తోడబుట్టని మూడు ఊళ్ళు.

ఏడాదికి రెండుసార్లు దాన్ని కడగడం ఆబ్రీ ప్రిడ్‌మోర్ పని.
బకెట్టు, స్పాంజి, కాలు కుంటే నిచ్చెన.
నాచు ముందు మూడో పేరు మీదే పడుతుంది.
లిండెన్‌ఫెర్ట్.
ఇరవై ఆరేళ్ళుగా తుడుస్తున్నా నోరు తిరగదంటాడు.
అబద్ధం. తిరుగుతుంది.

కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ కావాలంటారు.
ఈ రెండూళ్ళూ సమవుజ్జీలే:
చెరో గోపురం, చెరో ఏరు, చెరో బీరు ఫ్యాక్టరీ,
చెరి కొన్ని కూలిన వీధులు.
ముందు కయ్యం కుదిరింది.
పదమూడేళ్ళకి, బ్యాండు మేళంతో, వియ్యం.

యాభై ఎనిమిది, జూన్.
కెథడ్రల్ మెట్ల దగ్గర బస్సు ఆగింది.
మేయరు మెడలో గొలుసు, చేతిలో తడిసిన కాగితం.
పిల్లల్ని ఇంటికొకర్ని పంచారు.
ప్రిడ్‌మోర్ వాళ్ళ వంతుకి డెట్లెఫ్,
పదేళ్ళవాడు, మోకాళ్ళ నిండా గీరుడు.

ఆ ఇంట్లో ఒక మంచం ఉండేది.
బాంబులు పడ్డ రాత్రి నుంచీ దాని మీద ఎవరూ పడుకోలేదు,
తర్వాత పుట్టిన ఆబ్రీ కూడా.
అమ్మ ఆ మంచానికి కొత్త దుప్పటి పరిచింది.
ఎందుకని ఎవరూ అడగలేదు.

రాత్రి భోజనాల దగ్గర
వచ్చీరాని ఇంగ్లీషు కూడబలుక్కుని, మర్యాదకి, డెట్లెఫ్ అన్నాడు:
"మా నాన్న మీ గోపురం చూశారు. పైనుంచి."

గరిటె గాల్లోనే ఉండిపోయింది.
నాన్న ఉప్పుడబ్బా వైపు చూశాడు. ఉప్పు అక్కడే ఉంది.
గోపురంలో ఎనిమిది కొట్టింది,
ఎనిమిదీ లెక్కపెట్టాడు ఆబ్రీ.
అప్పుడు అమ్మ
వాడి పళ్ళెంలో ఇంకో బంగాళాదుంప వేసింది.
"చల్లారకముందే తిను" అంది, అంతే.

ఆ రాత్రి చీకట్లో, మంచానికీ మంచానికీ మధ్య,
డెట్లెఫ్ తన ఊరిపేరు పలకడం నేర్పాడు.
చివరి అక్షరం దగ్గర నాలుక పళ్ళకి తగలాలి.

ఈ మార్చిలో కౌన్సిల్ నుంచి కాగితం వచ్చింది.
రాకపోకల ఖర్చు, ఆసక్తి లేమి, పదకొండుకి తొమ్మిది ఓట్లు.
మూడో పలక తీసేయవలెను.

నాలుగు మరలు. మూడు తేలిగ్గానే వచ్చాయి.
నాలుగోది తుప్పు పట్టి, నూనె పోసినా, తిట్టినా రాలేదు.
లారీలు పోతుంటే పలక ఒంటి మర మీద ఊగింది.
చివరికి కోసేశాడు.
స్టోర్‌రూమ్‌కి ఇవ్వాల్సింది,
వ్యాను సీటు కింద పెట్టుకుని ఇంటికి పోయాడు.

అక్టోబరులో మళ్ళీ బకెట్టుతో వచ్చాడు.
పలక ఉన్నచోట బోర్డు తెల్లగా, కొత్తగా,
మిగతా ఊరికంటే శుభ్రంగా ఉంది.
అయినా స్పాంజి ముందు అక్కడికే పోయింది.
నాలుక పళ్ళకి తగిలింది.