అచ్చులో తప్పు

కొత్తవాడల జంపఖానాలు నేసే మొగిలయ్య
రెండు రూపాయల బిళ్ళ తెచ్చిండు.
"సూడు, అంకెలు రెండ్రెండున్నయ్.
లక్ష పలుకుతదంటున్నరు."

గడియారాల భూతద్దం కంట్ల ఇరికిచ్చుకున్న.
మండిబజార్ మోత కాసేపు దూరం జరిగింది.

తొమ్మిది పక్కన మెట్టు లెక్క ఒక అంచు,
చదునుగ, ఉలితోటి చెక్కినట్టు.
అంకె లావైతలేదు,
తనల నుంచే ఇంత పోగొట్టుకున్నది.

"అచ్చు మంచిదే మొగిలయ్యా,
దెబ్బ పడ్డప్పుడు కదిలింది, గంతే.
అచ్చులనే బొమ్మ రెండుసార్లు దిగితే
అంచులు గుండ్రంగ ఉబ్బుతయ్,
అక్షరం కొస పాము నాలుక లెక్క చీలుతది,
దాని కింద పడ్డ ప్రతి బిళ్ళకూ అదే చీలిక."

నవ్విండు.
"గీ ముచ్చట నాకు చెప్తున్నవా?
మగ్గం అచ్చుల పుల్ల వంగితే
జంపఖానా పొడుగంత గీత.
చెయ్యి జారితే ఒక్క వరసే."

బిళ్ళ చాయ్‌కి గూడ చాలలే.
ఆ చాయ్ నేనే తాపిచ్చిన.

ఆయన పోయినంక
హెచ్ఎంటీ గడియారం మూత తెరిచిన.
స్క్రూ వేళ్ళ నడుమ నుంచి జారింది,
పొద్దటి నుంచి ఇది మూడోసారి.
నాయనకూ యాభై దాటినంక
ఇదే వేలు వణికేది.

బల్ల కింద వెతుకుతున్న.
భూతద్దం కంటికే ఉన్నది.